పాట ఎవరిదో అడిగి పాడాలి: పెకాన్ సమ్మర్ అనే ఒపేరా వెనక కథ

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో గోల్‌బర్న్ నది పక్కన మూరూప్నా అని ఒక చిన్న ఊరుంది. 2010 అక్టోబర్‌లో అక్కడ ఒక ఒపేరా మొదటిసారి ఆడారు, పేరు పెకాన్ సమ్మర్. కథ రాసింది, మ్యూజిక్ కట్టింది, అందులో తల్లి పాత్ర పాడింది అన్నీ ఒక్కరే, డెబొరా చీతమ్, యోర్టా యోర్టా అనే మూలవాసుల జాతి ఆవిడ. ఆస్ట్రేలియా మూలవాసుల్లోంచి వచ్చిన మొదటి ఒపేరా అదే అని చెప్తారు. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో అంతంత పెద్ద హాళ్ళు పెట్టుకుని ఈ ఊళ్ళోనే ఎందుకు మొదలుపెట్టారు అన్నది తెలిస్తే ఒపేరా సగం అర్థమైనట్టే, కానీ దానికి కొంచెం చుట్టూ తిరిగి రావాలి, ఓపిక పట్టండి.

ముందు ఒపేరా గురించి రెండు ముక్కలు. కథంతా పాటలోనే నడుస్తుంది, విడిగా మాటలు తక్కువ, మామూలుగా మైక్ ఉండదు, కింద అంతమంది ఆర్కెస్ట్రా వాయిస్తుంటే దాని మీదుగా సింగర్ గొంతు ఒట్టి ఊపిరి బలంతో వెనక సీటు దాకా వెళ్ళాలి. మనకి దగ్గరగా పోల్చుకోవాలంటే పద్య నాటకమే. చిన్నప్పుడు తిరణాలలో చూసేవాణ్ణి, రాయబారం సీన్‌లో కృష్ణుడు పద్యం చివర రాగం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళు, యుద్ధం సంగతి అలా ఉంచి ఆయన మళ్ళీ మొదటి నుంచి పాడేవాడు, ఎవరికీ తొందర ఉండేది కాదు. ఒపేరాలో కూడా అంతే, ఒక మనిషికి గుండె పగిలింది అనే విషయం చెప్పడానికి పది నిమిషాలు తీసుకుంటారు, ఆ పది నిమిషాల కోసమే జనం వస్తారు.

చిక్కు ఎక్కడంటే, ఇది యూరప్‌లో పుట్టిన కళ, వలస దేశాల్లో తెల్లవాళ్ళు మేము నాగరికులం అని చూపించుకోడానికి కట్టుకున్న వాటిలో ఒపేరా హౌస్ ఒకటి. భూమి లాక్కున్నవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకెళ్ళినవాళ్ళు తెచ్చిన కళలో ఆ భూమి పోగొట్టుకున్నవాళ్ళ కథ చెప్పొచ్చా? చెప్తే అది వాళ్ళ కథగా ఉంటుందా, లేక వాళ్ళ బాధని తీసుకొచ్చి వెల్వెట్ సీట్లలో కూర్చున్నవాళ్ళకి వడ్డించినట్టు అవుతుందా? మూలవాసుల మీద, వలస పాలన మీద కొత్త ఒపేరా ఏది వచ్చినా ఈ ప్రశ్న వెంటే వస్తుంది. నేను చాలా రోజులు ఈ కళే తప్పు అనుకున్నాను, ఇప్పుడు అలా అనుకోవట్లేదు, ఎందుకో చెప్తాను.

పెకాన్ సమ్మర్ కథ 1939 ఫిబ్రవరి 4 చుట్టూ తిరుగుతుంది. ముర్రే నదికి న్యూ సౌత్ వేల్స్ వైపు ఒడ్డున కమరగంజా అని ఒక రిజర్వ్, అంటే మూలవాసులు ఉండటానికి ప్రభుత్వం కేటాయించిన చోటు, ఉండేది, యోర్టా యోర్టా వాళ్ళ ఊరు, ఆ పేరుకి వాళ్ళ భాషలో మా ఇల్లు అని అర్థం. 1888లో పక్కనున్న మలోగా మిషన్ నుంచి కుటుంబాలు ఇక్కడికి వచ్చి చేరాయి, అడవి కొట్టి, పొలం చేసి, గోధుమలు పండించారు. కొన్ని కుటుంబాలకి సొంతంగా చేసుకోమని భూమి ముక్కలు ఇచ్చారు, అవి బాగా పండే సమయానికి కొన్నేళ్ళకే మళ్ళీ లాగేసుకున్నారు. పంట మీద వచ్చే డబ్బు మూలవాసుల మీద పెత్తనం చేసే ప్రభుత్వ ప్రొటెక్షన్ బోర్డు చేతికి పోయేది. పేరుకేమో రక్షణ బోర్డు, కానీ 1915లో చట్టం మార్చాక కోర్టుకి వెళ్ళకుండానే ఏ పిల్లనైనా తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయే అధికారం దానికే ఉంది. కమరగంజా నుంచి ఆడపిల్లల్ని కూటమండ్రా అనే ఊళ్ళో ఉన్న హోమ్‌కి తీసుకుపోయి తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిమనుషులుగా ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు.

1930ల చివరికి ఊరు మరీ అన్యాయంగా తయారైంది, రేషన్ చాలదు, ఇళ్ళు కిక్కిరిసి ఉంటాయి, జబ్బులు, మేనేజర్ ఆర్థర్ మెక్విగన్ దగ్గర తుపాకీ. ఊరివాళ్ళు అతన్ని తీసెయ్యమని సంతకాలు పెట్టి బోర్డుకి పంపితే బోర్డు ఆ కాగితం తిరిగి అతని చేతికే ఇచ్చింది, ఎవరెవరు సంతకం పెట్టారో చూసుకోమన్నట్టు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అప్పుడు జాక్ పాటెన్ వచ్చాడు, కమరగంజాలోనే పుట్టినవాడు, అంతకు ముందు ఏడాది 1938 జనవరి 26న తెల్లవాళ్ళు వచ్చి దిగి నూట యాభై ఏళ్ళయిందని దేశమంతా పండగ చేసుకుంటుంటే సిడ్నీలో సంతాప దినం జరిపించినవాళ్ళలో ఒకడు. వచ్చి మాట్లాడాడు, పోలీసులు అరెస్ట్ చేశారు. ఆ తర్వాత జనం ఆగలేదు, దాదాపు రెండు వందల మంది మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని ఎత్తుకుని ముర్రే నది దాటి విక్టోరియా వైపు బార్మా దగ్గరికి వెళ్ళిపోయారు. పర్మిషన్ లేకుండా రిజర్వ్ వదలడం అప్పుడు నేరం, నది దాటితే న్యూ సౌత్ వేల్స్ బోర్డు చెయ్యి అంత తేలిగ్గా అందదు, నదే సరిహద్దు. ఆ సమ్మె దాదాపు తొమ్మిది నెలలు సాగింది, చాలామంది మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

వెళ్ళనివాళ్ళు ఎక్కడున్నారు? కొంతమంది మూరూప్నాకి, షెపర్టన్‌కి మధ్య గోల్‌బర్న్ నది వరద ముంపు నేల మీద, దాన్ని ద ఫ్లాట్స్ అంటారు. రేకులు, గోనె పట్టాలు, చెత్తకుప్పల్లో దొరికిన చెక్కలతో గుడిసెలు వేసుకుని, పక్కనున్న పండ్ల తోటల్లో, క్యానింగ్ ఫ్యాక్టరీలో పనికి పోయేవాళ్ళు. నది పొంగితే ఇల్లు సర్దుకుని గట్టెక్కాలి, తగ్గాక మళ్ళీ కట్టుకోవాలి. 1954లో ఎలిజబెత్ రాణి ఆ దారిన వెళ్తుంటే ఈ గుడిసెలు ఆవిడ కంట పడకూడదని రోడ్డు పక్కన గోనె పట్టాలు తెరలాగా కట్టారు, ఆ సంగతి అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. వాళ్ళ ఇంటి గోడా గోనె పట్టానే, వాళ్ళని దాచిపెట్టిన తెరా గోనె పట్టానే. ఇప్పుడు అర్థమైంది కదా, ఆ ఒపేరా మూరూప్నాలో ఎందుకు మొదలైందో.

ఇంక డెబొరా చీతమ్ గురించి. 1964లో పుట్టింది, మూడు వారాల పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి మోనికా దగ్గర్నుంచి తీసేసుకుని ఒక తెల్ల బాప్టిస్ట్ కుటుంబానికి ఇచ్చారు. నిన్ను మీ అమ్మ వదిలేసింది అనే మాట నమ్ముతూ పెరిగింది, తల్లి వదల్లేదని, లాక్కున్నారని పెద్దయ్యాక తెలిసింది. ఆస్ట్రేలియాలో ఇలా తీసుకుపోయిన పిల్లల్ని స్టోలెన్ జనరేషన్స్ అంటారు, 1997లో దాని మీద ప్రభుత్వ రిపోర్ట్ వచ్చింది, 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. డెబొరా పద్నాలుగేళ్ళప్పుడు, 1979లో, సిడ్నీ ఒపేరా హౌస్‌లో పేరున్న ఒపేరా సింగర్ జోన్ సదర్లాండ్ పాడగా విని ఇంక నా జీవితం ఇదే అనుకుంది. ఆ పిల్లకి అప్పటికి తన తాత ఎవరో తెలియదు, మేనమామ ఎవరో తెలియదు. ఆ మేనమామ ఎవరంటే జిమ్మీ లిటిల్, 1960ల్లో దేశమంతా రేడియోల్లో మోగిన సింగర్, పుట్టింది 1937లో కమరగంజాలో. సొంత మేనమామ గొంతు రేడియోలో వస్తుంటే మామయ్య అని తెలియకుండా పెరగడం అంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో సంగతి ఉంది, నాకు దీని మీద పట్టు కుదిరింది అక్కడే. కమరగంజా వాకాఫ్ మీద, అంటే జనం ఊరు వదిలి నది దాటి వెళ్ళిపోయిన ఆ ఘటన మీద, ఒపేరా రాయాలని ఆవిడ ముందే అనుకుంది, మూలవాసుల చరిత్రలో పెద్ద ఘటన కాబట్టి. సమాచారం కోసం ఆ ప్రాంతం పెద్దవాళ్ళని కలుస్తుంటే అప్పుడు తెలిసింది, నది దాటినవాళ్ళలో తన అమ్మమ్మ, తాతయ్య కూడా ఉన్నారని. ఎవరి కథో అనుకుని మొదలుపెట్టింది సొంత ఇంటి కథ అయి కూర్చుంది. ఒపేరాలో ఆలిస్ అనే అమ్మాయి ఉంటుంది, కుటుంబంతో నది దాటి వస్తుంది, తర్వాత ఆ పిల్లని ఇంటి నుంచి తీసుకుపోతారు. ఆలిస్ తల్లి పాత్ర పాడింది డెబొరానే. తల్లి నుంచి లాక్కోబడ్డ మనిషి బిడ్డని పోగొట్టుకున్న తల్లిగా నిలబడి పాడటం, దీని మీద నేనింక ఏమీ చెప్పలేను.

మరి పాడేవాళ్ళు? ఒపేరా గొంతు తయారవడానికి ఏళ్ళు పడుతుంది, టీచర్ కావాలి, డబ్బు కావాలి. 1940ల్లో హెరాల్డ్ బ్లెయిర్ అనే మూలవాసి టెనర్, అంటే పై స్థాయిలో పాడే మగ గొంతు, పైకొచ్చాడు, 1989లో మరూచీ బరాంబా ఒక ఆస్ట్రేలియన్ ఒపేరాలో పాడింది, అలా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. సింగర్స్ దొరకరు కాబట్టి తెల్లవాళ్ళతో పాడించెయ్ అనడం చాలా తేలిక, ప్రపంచమంతా ఒపేరాల్లో చేసింది అదే, రంగు పూసి పాడించడం. ఆవిడ ఒప్పుకోలేదు, 2009లో షార్ట్ బ్లాక్ ఒపేరా అని ఒక కంపెనీ పెట్టి, దేశమంతా తిరిగి గొంతులు వెతికి, వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి నిలబెట్టింది. అలా పాడినవాళ్ళలో టిరికీ ఓనస్ ఒకడు, అతని తాత బిల్ ఓనస్ పుట్టింది కూడా కమరగంజాలోనే. అంటే స్టేజి మీద ఆ కథ పాడుతున్నవాళ్ళలో కొందరికి అది తాతల కథే.

ఒపేరా తెల్లవాళ్ళ కళ కదా అని అడిగితే డెబొరా ఇచ్చే జవాబు ఒకటుంది. మావాళ్ళు వేల ఏళ్ళుగా కథలు చెప్పింది పాటతో, ఆటతో, ఒంటి మీద రంగులతో, వేషంతోనే, వీటన్నిటినీ కలిపితే దాన్ని మీరు ఒపేరా అంటున్నారు అని. మొదట విన్నప్పుడు నాకు ఇది తెలివైన జవాబు అనిపించింది కానీ పూర్తిగా నమ్మకం కలగలేదు. కమరగంజా పాటల చరిత్ర చదివాక కలిగింది, అందులో మన దేశం సంగతి కూడా ఉంది.

1881 జనవరిలో మెల్‌బోర్న్ దగ్గర బ్రైటన్ బీచ్‌లో డేనియల్ మాథ్యూస్ అనే మిషనరీ మలోగా నుంచి కొంతమంది యోర్టా యోర్టా వాళ్ళతో వచ్చి దిగాడు. వాళ్ళని చూసి ఒక కుర్రాడు దగ్గరికొచ్చాడు, పేరు థామస్ షాడ్రాక్ జేమ్స్. పుట్టింది మారిషస్‌లో, తల్లిదండ్రులు ఇండియా మనుషులు. మారిషస్ అంటే మనకి కోరంగి రేవులో ఓడలెక్కి చెరుకు తోటల కూలీకి వెళ్ళిన మనవాళ్ళు గుర్తొస్తారు, జేమ్స్ తెలుగువాడని నేను అనట్లేదు కానీ ఆ ఓడల కాలం నీడలోనే పుట్టినవాడు. మీ పిల్లలకి చదువు చెప్తాను అని వాళ్ళ వెంట మలోగా వెళ్ళాడు, తర్వాత కమరగంజాలో 1922 దాకా టీచర్‌గా ఉన్నాడు, ఆ జాతి అమ్మాయి ఆడా కూపర్‌ని పెళ్ళి చేసుకుని అక్కడివాడే అయిపోయాడు, ఊరంతా గ్రాండ్‌పా జేమ్స్ అనేవాళ్ళు. ఆయన దగ్గర రాత్రి బడిలో చదువుకున్నవాడే ఆడా అన్న విలియం కూపర్, బ్రిటన్ రాజుకి పిటిషన్ కోసం పద్దెనిమిది వందల పైచిలుకు సంతకాలు సేకరించిన మనిషి, 1938 డిసెంబర్‌లో జర్మనీలో యూదుల మీద జరిగిన దాడులకి నిరసనగా మెల్‌బోర్న్‌లో జర్మన్ కాన్సులేట్ దాకా నడిచిన మనిషి. ఇంకో శిష్యుడు డగ్ నికల్స్ 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. ఒక ఇండియన్ టీచర్ పలక మీద దిద్దించిన అక్షరాలు ఎక్కడిదాకా వెళ్ళాయో చూడండి.

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. 1886లో అమెరికా నుంచి ఫిస్క్ జూబిలీ సింగర్స్ అనే నల్లజాతి బృందం మలోగా వచ్చి పాడింది, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ పాటలు, అందులో ఒకటి ఫరో సైన్యం సముద్రంలో మునిగిపోవడం మీద. ఆ పాటని జేమ్స్, థెరెసా క్లెమెంట్స్ కలిసి యోర్టా యోర్టా భాషలోకి తెచ్చారు, బురా ఫెరా అంటారు, ఇప్పటికీ వాళ్ళ నోళ్ళలో ఉంది. బైబిల్ కథ, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల గొంతు, మారిషస్‌లో పుట్టిన ఇండియన్ చెయ్యి, ముర్రే ఒడ్డు భాష, అన్నీ ఒకే పాటలో. నీళ్ళు దాటి బయటపడ్డ జనం పాటని యాభై ఏళ్ళు పాడుకున్న ఊరు 1939లో నిజంగానే నీళ్ళు దాటింది. దీంట్లో ఏది అసలు, ఏది అరువు అని విడదీద్దామంటే నాకు చేతకాలేదు. బయట నుంచి వచ్చిన పాట వాళ్ళకి సొంతం అయింది, ఎందుకంటే వాళ్ళు కావాలని తీసుకున్నారు, వాళ్ళ భాషలో వాళ్ళే కట్టుకున్నారు, వాళ్ళ చేత ఎవరూ బలవంతంగా పాడించలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ కెనడాలో ఉంది. 1967లో ఆ దేశానికి వందేళ్ళు నిండాయని హ్యారీ సోమర్స్ అనే కంపోజర్ లూయీ రియెల్ మీద ఒపేరా కట్టాడు. రియెల్ మేటీ ప్రజల నాయకుడు, మేటీలంటే మూలవాసులూ యూరప్ వాళ్ళూ కలిసిన కుటుంబాల నుంచి వచ్చిన జాతి, 1885లో కెనడా ప్రభుత్వం ఉరి తీసింది. చూడ్డానికి మూలవాసుల వైపు నిలబడ్డ ఒపేరానే, మంచి పేరు కూడా వచ్చింది. అందులో మూడో అంకం మొదట్లో రియెల్ భార్య బిడ్డని పెట్టుకుని క్రీ అనే మూలవాసుల భాషలో ఒక పాట పాడుతుంది, కుయాస్ అని. మాటలు క్రీ భాషవి, బాణీ మాత్రం ఎక్కడో పసిఫిక్ వైపు నాస్ నది దగ్గరుండే నిస్గా అనే ఇంకో మూలవాసి జాతిది. ఆ బాణీ ఒక శోకగీతం, ఒక పెద్ద కుటుంబానికి చెందింది, చావు సందర్భంలో దాని మీద హక్కు ఉన్నవాళ్ళే పాడాలి, వేళ కాని వేళ పాడితే మనుషులకి కీడు జరుగుతుందని వాళ్ళ నమ్మకం, వాళ్ళ చట్టం కూడా. మన దగ్గర చావింట్లో శవం ముందు ఏడుస్తూ పాడే పాటని ఎవరో రికార్డ్ చేసుకెళ్ళి, ఇంకో రాష్ట్రం భాషలో మాటలు రాసి, స్టేజి మీద ఉయ్యాల దగ్గర జోలపాటగా పాడిస్తే ఎలా ఉంటుంది? అలాంటిదే అది.

ఆ బాణీ ఎలా దొరికిందో కూడా చూడాలి. 1927లో జానపద పాటలు సేకరించే మారియస్ బార్బో, సంగీతకారుడు ఎర్నెస్ట్ మాక్‌మిలన్ నాస్ నది దగ్గరికెళ్ళి రికార్డ్ చేసుకొచ్చారు. అప్పటికి కెనడాలో మూలవాసులు చేసుకునే పోట్లాచ్ అనే వేడుకలు చట్టప్రకారం నిషేధం, 1885 నుంచి 1951 దాకా. పైగా అదే 1927లో భూమి హక్కుల కేసు కోసం మూలవాసులు డబ్బు పోగుచేసి లాయర్‌ని పెట్టుకోవడం కూడా నిషేధించారు. అంటే పాట పాడుకునే సందర్భం నేరం, పాటని డబ్బాలో పెట్టి మ్యూజియంకి పట్టుకుపోవడం పుణ్యకార్యం. డిలన్ రాబిన్సన్ అనే స్తోలో మూలవాసి జాతి స్కాలర్ దీని మీద బాగా పనిచేశాడు. వాళ్ళ భాషలో తెల్లవాళ్ళకి ఒక మాట ఉందట, దాని అర్థం ఆకలితో మాడుతున్నవాళ్ళు అని, 1858లో బంగారం కోసం ఎగబడి వచ్చినవాళ్ళని చూసి పెట్టిన పేరు. ఆయన ఆ మాటనే పట్టుకుని, కొంతమంది వినడం కూడా అలాగే ఆకలితో వింటారు అంటాడు, పాట ఎవరిది, ఎందుకు పాడుతున్నారు అనేది వదిలేసి దాంట్లోంచి తనకి పనికొచ్చేది లాక్కోవడం.

2017లో ఆ ఒపేరాని మళ్ళీ స్టేజి ఎక్కించినప్పుడు ఈ సంగతి పైకొచ్చింది, నిస్గా పెద్దలతో కూర్చుని మాట్లాడారు. తర్వాత ఇయన్ కసన్ అనే మేటీ కంపోజర్‌తో ఆ చోట పాడటానికి కొత్త పాట రాయించారు, అది ఫ్రెంచ్‌లో ఒక లాలిపాట. యాభై ఏళ్ళ పాటు కెనడాలో సోప్రానోలు, అంటే పై స్థాయిలో పాడే ఆడ గొంతులు, కచేరీల్లో పాడుకున్న పాటని పక్కన పెట్టడం చిన్న విషయం కాదు, మంచి సంగీతం పోతోందని బాధపడినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ బాణీ ఇంటివాళ్ళ చావు బాధ ముందు అది చాలా చిన్నది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నా మొదటి అభిప్రాయం ఎందుకు మారిందో మీకు తెలుస్తుంది. రెండూ ఒపేరాలే, అవే వయొలిన్లు, అదే రకం గొంతు. తేడా వచ్చింది ఎవర్ని అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరి నోటితో పాడారు అన్న దగ్గరే. డెబొరా తర్వాత యుమెరల్లా అనే పెద్ద కోరల్ పీస్, అంటే బృందగానం, రాసింది, విక్టోరియా నైరుతి మూల 1840ల నుంచి వలసదారులకీ గుండిజ్‌మారా జాతికీ జరిగిన యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ కోసం. అది ఆవిడ సొంత జాతి కథ కాదు, అందుకని ఆ భాష పెద్ద అయిన విక్కీ కౌజెన్స్‌తో కలిసి పనిచేసి మాటలన్నీ గుండిజ్‌మారా భాషలోనే పెట్టించింది, 2018లో మొదట పాడింది కూడా ఆ నేల మీదే, పోర్ట్ ఫెయిరీలో. తనూ మూలవాసి కదా, తనకి అన్నిటి మీదా హక్కు ఉంది అనుకోలేదు, అడిగింది.

2020లో లాస్ ఏంజెలెస్‌లో వచ్చిన స్వీట్ ల్యాండ్ ఇంకో దారి పట్టింది. అమెరికా మూలవాసులైన నవహో జాతి కంపోజర్ రేవెన్ చాకన్, చైనాలో పుట్టిన డు యున్ కలిసి మ్యూజిక్ చేశారు, పాత రైల్వే యార్డు ఉన్న పార్కులో ఆరుబయట ఆడారు. అందులో జాతుల పేర్లుండవు, ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు, వచ్చి చేరేవాళ్ళు అంతే. వచ్చిన ప్రేక్షకుల్ని రెండుగా విడదీసి రెండు వేరే కథలు చూపిస్తారు, ఏ ఒక్కరూ మొత్తం చూడలేరు. కొవిడ్ వల్ల రెండు వారాలకే ఆగిపోయింది, వీడియో మాత్రం తీసి పెట్టారు. నాకు ఆలోచన నచ్చింది కానీ మనసు మాత్రం ఆలిస్ దగ్గరే ఉంది, పేరూ ఊరూ తారీఖూ ఉన్న దుఃఖం నన్ను ఎక్కువ పట్టుకుంటుంది.

డెబొరా మెత్తటి మనిషి అనుకోకండి. 2015లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనల్లో జాతీయ గీతం పాడమని పిలిచారు, అది ఏ సింగర్‌కైనా పెద్ద అవకాశం. అందులో మనం కుర్రదేశం, స్వేచ్ఛగా ఉన్నాం అని ఒక లైన్ ఉంటుంది, వేల ఏళ్ళుగా ఉన్న జాతి మనిషిని, ఆ మాట నేను పాడలేను, కుర్ర అన్నది తీసేసి శాంతిగా, సఖ్యంగా అని పాడతాను అంది. నిర్వాహకులు ఒప్పుకోలేదు, ఆవిడ పాడలేదు. 2021 జనవరి 1 నుంచి ఆ లైన్‌లో కుర్ర అన్న మాట పోయి ఒక్కటిగా అనే మాట వచ్చింది.

పెకాన్ సమ్మర్ మూరూప్నా నుంచి మెల్‌బోర్న్, పెర్త్, అడిలైడ్ తిరిగి 2016లో సిడ్నీ ఒపేరా హౌస్‌కి వెళ్ళింది, పద్నాలుగేళ్ళ పిల్ల జోన్ సదర్లాండ్‌ని విన్న అదే చోటుకి. కంపెనీ పెట్టినప్పుడే షెపర్టన్ వైపు మూలవాసుల పిల్లలకి ఒక గానబృందం కూడా మొదలుపెట్టారు, దాని పేరు డుంగాలా చిల్డ్రన్స్ కాయర్. డుంగాలా అంటే ముర్రే నదికి యోర్టా యోర్టా పేరు.